భోజనం గంట ఎప్పుడు కొడుతున్నాం?

(బడి పిల్లల ఆహారంపై ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను ఆహ్వానించినవారు "మా పిల్లలకు మంచి తిండి గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. పిల్లలకు చెప్పడం నేను మానేసి చాలా కాలమైంది. పిల్లలను ఆడుకోవడానికి పంపి, పెద్దవాళ్ళను కూర్చోబెట్టమని అడిగాను. ఎందుకో చెబుతాను.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో పోషకాల పాఠం అంటే నాకు మహా ఇష్టం. గోడకు రంగుల పటం, బల్ల మీద నమూనాలు, పాఠం చివర ప్రశ్నలు, అన్నీ ఉండేవి. ఒక అమ్మాయి ఆ పాఠంలో ప్రతిసారీ నూటికి నూరు తెచ్చుకునేది. విటమిన్ ఎ లోపిస్తే ఏమవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేది. ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కునే చోట నిలబడి చూస్తే, ఆ అమ్మాయే పళ్ళెంలోని క్యారెట్ ముక్కలను ఒక్కొక్కటిగా ఏరి బుట్టలో పడేస్తోంది. పొద్దున్నే వాటి గురించి అయిదు మార్కుల జవాబు రాసిన పిల్ల! నన్ను చూసి సిగ్గుతో తల దించుకుంది. సిగ్గుపడవలసింది ఆ పిల్ల కాదని నాకు అర్థం కావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

తిండి గురించి తెలియడం ఒక విద్య. తినడం వేరే విద్య. మొదటిది పుస్తకంతో వస్తుంది. రెండోది రోజూ తింటూ, పక్కవాళ్ళు తినేది చూస్తూ ఉంటే అబ్బుతుంది. బడి ఈ రెండో విద్యను ప్రతిరోజూ నేర్పుతూనే ఉంది, మనం గమనించినా గమనించకపోయినా. భోజనం గంటతో నేర్పుతుంది, కూర్చోబెట్టే బల్లతో నేర్పుతుంది, క్యాంటీన్ కిటికీలో కనబడే వస్తువులతో నేర్పుతుంది. ఇవాళ నేను మాట్లాడేది ఈ గంట గురించి, బల్ల గురించి, కిటికీ గురించే. విటమిన్ల పటం జోలికి వెళ్ళను.

ముందు గంట. ఇక్కడ ఉన్న ఉపాధ్యాయులను ఒక ప్రశ్న అడుగుతాను. మీ బడిలో పిల్లలకు తినడానికి ఎంత సమయం ఉంది? నలభై నిమిషాలు అంటున్నారు. అక్కడెవరో అరగంట అన్నారు. సరే, అది కాగితం మీద ఉన్న సమయం. ఒక రోజు గడియారం పట్టుకుని ఒకే ఒక్క పిల్లవాడి వెంట నడవండి. గంట కొట్టినా మాస్టారు చివరి లెక్క పూర్తి చేసేసరికి మూడు నిమిషాలు. పుస్తకాలు సర్దుకుని మెట్లు దిగడానికి మరో మూడు. చేతులు కడుక్కునే కుళాయి దగ్గర వరుస, వడ్డించే చోట ఇంకో వరుస. చివర నిలబడ్డ పిల్లవాడు పళ్ళెం ముందు కూర్చునే వేళకు మొదట వచ్చినవాడు ఆటస్థలంలో కేకలు వేస్తుంటాడు. ఆ కేకలు వీడి చెవిన పడుతుంటాయి. ఇక ముద్ద దిగుతుందా? నేను లెక్క చూసిన ఒక రోజున నలభై నిమిషాల విరామంలో ఒక రెండో తరగతి పిల్లవాడికి తినడానికి మిగిలింది పధ్నాలుగు నిమిషాలు.

ఆ పధ్నాలుగు నిమిషాల్లో వాడు ఏది తింటాడు, ఏది వదిలేస్తాడు? ఇది ఆలోచించవలసిన విషయం. మెత్తగా ఉండి గబగబా దిగేది తింటాడు. నమలవలసినది, తొక్క తీయవలసినది, గింజ ఉమ్మవలసినది వదిలేస్తాడు. అంటే వదిలేసేవి పండ్లు, కూరగాయలు. "మా పిల్లలకు కూరగాయలు ఇష్టం లేదు" అని మనం తీర్పు చెప్పేస్తాం. ఇష్టం సంగతి తేలడానికి కూడా నోట్లో కాసేపు ఉండాలి కదా!

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో వెయ్యి మంది బడి పిల్లల పళ్ళేలను గమనించి 2015లో ఒక పరిశీలన ప్రచురించారు. కూర్చుని తినడానికి కనీసం 25 నిమిషాలు దొరికిన పిల్లలతో పోలిస్తే, 20 నిమిషాల కన్నా తక్కువ దొరికినవారు ప్రధాన వంటకం 13 శాతం, కూరగాయలు 12 శాతం తక్కువ తిన్నారు. అసలు పండు తీసుకున్న పిల్లలే 57 శాతం నుంచి 44 శాతానికి పడిపోయారు. సమయం లేదని తెలిసిన పిల్లవాడు పండు జోలికే వెళ్ళడన్నమాట. వంట అదే, పిల్లలు అటువంటివారే, మారింది నిమిషాలు. అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రాలు కూడా పిల్లలకు కూర్చున్న తరువాత కనీసం 20 నిమిషాలు ఉండాలని చెబుతున్నాయి. గంట కొట్టిన తరువాత కాదు, కూర్చున్న తరువాత. ఆ తేడా గట్టిగా పట్టుకోండి.

ఇంకో చిన్న మార్పు ఉంది. దానికి ఖర్చు లేదు, కానీ టైం టేబుల్ వేసేవారికి తలనొప్పి. ఆటను భోజనానికి ముందు పెట్టడం. సాధారణంగా బడుల్లో ముందు తిండి, తరువాత ఆట. దాంతో పిల్లవాడికి తిండి అంటే ఆటకు అడ్డంగా ఉన్న గోడ అయిపోతుంది, ఎలాగోలా దూకేయాలి. అమెరికాలోనే యూటా రాష్ట్రంలో ఏడు ప్రాథమిక పాఠశాలలను గమనించినప్పుడు, ఆటను ముందుకు జరిపిన చోట పిల్లలు తిన్న పండ్లు, కూరగాయల పరిమాణం 54 శాతం పెరిగింది. ఆకలి రుచి ఎరగదు అన్న సామెత ఉంది కదా, ఇక్కడ దాన్ని గంటలో ఇమిడ్చారు, అంతే. ఆడి ఆడి ఆకలి మీద వచ్చిన పిల్లవాడికి తొందరపడి పరుగెత్తవలసిన చోటు కూడా ఏదీ లేదు.

అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. మట్టి చేతులతో వస్తారు, చెమటలు పట్టి ఉంటారు, చేతులు కడిగించడానికి ఒకరు నిలబడాలి. నిజమే. ఎండ తీవ్రంగా ఉండే చోట అన్ని నెలల్లోనూ ఇది కుదరదు. అయినా ఒక నెల చేసి చూడండి. కొలవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు, పిల్లలు పారేసే తిండి బకెట్‌ను ఒక త్రాసు మీద పెట్టండి. నా అనుభవంలో బడి భోజనం గురించి ఆ బకెట్ చెప్పినంత నిజం ఏ నివేదికా చెప్పదు.

ఇక బల్ల. పిల్లవాడి పక్కన ఎవరు కూర్చుంటున్నారు?

అమెరికాలో లీన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జీవితమంతా పిల్లల తిండి మీదే పని చేశారు. 1980లో ఆమె ప్రచురించిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. బడికి వెళ్ళే వయసు ఇంకా రాని పిల్లల్లో ఎవరికి ఏ కూరగాయ ఇష్టమో ముందుగా తెలుసుకున్నారు. ఒక కూరగాయ ఇష్టపడే పిల్లను, మరో కూరగాయను ఇష్టపడే ముగ్గురు నలుగురి మధ్య భోజనానికి కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ బోధించలేదు. నాలుగు రోజులు గడిచేసరికి ఆ పిల్ల కూడా పక్కవాళ్ళు తీసుకునే కూరగాయకే చేయి చాపడం మొదలుపెట్టింది. నేను నలభై నిమిషాలు గొంతు చించుకుని సాధించలేనిది తోటి పిల్లలు నోరు మెదపకుండా సాధించారు.

అదే రకం పరిశోధనల నుంచి వచ్చిన మరో విషయం, కొత్త రుచికి పిల్లలు అలవాటు పడాలంటే ఒకసారో రెండుసార్లో సరిపోదు. ఎనిమిది, పది, కొందరికి పదిహేనుసార్లు కూడా నోటికి తగలాలి. తినగా తినగా ఏమవుతుందో మన నాలుక మీద నానే మాటే. అయితే మనం మూడోసారికే ఓపిక వదులుకుంటాం. ఇంట్లో "వాడికి అది పడదు" అని తేల్చేస్తాం, బడిలో "పిల్లలు తినడం లేదు, వంటల పట్టిక నుంచి తీసేయండి" అంటాం. నేను చెప్పేది తీసేయవద్దని, తగ్గించమని. కొత్త కూర గరిటె నిండా కాదు, చెంచాడు వడ్డించండి. రుచి చూసి వద్దంటే సరేననండి. మళ్ళీ వచ్చే వారం చెంచాడు. గరిటెడు వడ్డించి బలవంతపెడితే పారేసే బకెట్ నిండుతుంది, పిల్లవాడికి ఆ కూర మీద కక్ష పెరుగుతుంది.

కక్ష అన్నాను కాబట్టి బేరాల గురించి చెప్పాలి. "ఈ కూర తింటేనే తీపి ఇస్తాను." ఈ బేరం ఆడని ఇల్లు, ఆడని బడి నేను చూడలేదు. పిల్లవాడికి దీంతో అర్థమయ్యేది ఒక్కటే: కూర అనేది కూలి పని, తీపి అనేది జీతం. బర్చ్ బృందం 1984లో దీన్ని కూడా పరీక్షించింది. ఒక పానీయం తాగితే బహుమతి ఇస్తామన్నప్పుడు పిల్లలు తాగారు. తరువాత చూస్తే ఆ పానీయం మీద వారి ఇష్టం ముందుకన్నా తగ్గింది. అయితే లండన్‌లో 2011లో వెలువడిన మరో పరిశీలన ఇందుకు కొంత భిన్నమైన ఫలితం చూపింది. అక్కడ నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు తమకు నచ్చని కూరగాయను చిన్న ముక్క రుచి చూస్తే చాలు, ఒక స్టిక్కర్ ఇచ్చారు. రోజుకోసారి చొప్పున కొన్ని రోజులు. వారి ఇష్టం పెరిగింది, కొన్ని నెలల తరువాత కూడా నిలిచింది. కాబట్టి బహుమతి అన్నదల్లా విషం అని నేను అనను. కళ్ళెం ఎక్కడ వేయాలంటే, తిండికి తిండిని బహుమతిగా పెట్టే చోట. పూర్తిగా తినమని పట్టుబట్టే చోట.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. లెక్కలు ముందుగా చేసినవారికి చాక్లెట్ ఇచ్చే టీచరుగా నాకు ఎంతో పేరుండేది. నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక డబ్బా ఉండేది. పోషకాల పాఠం చెప్పేదీ నేనే, ఆ సొరుగు తెరిచేదీ నేనే. పిల్లలు రెండో దాన్నే గుర్తుపెట్టుకున్నారు. పెళ్ళిళ్ళలో కనబడే పాత విద్యార్థులు ఇప్పటికీ ఆ సొరుగు గురించే అడుగుతారు, విటమిన్ల గురించి ఒక్కరూ అడగరు. (సభలో నవ్వులు)

పెద్దవాళ్ళు పక్కన కూర్చోవడం గురించి జపాన్‌ను చెప్పుకోవాలి. అక్కడ బడి భోజనం 1889లో ఒక ఆలయంలో నడిచే బడిలో, పేద పిల్లల కోసం మొదలైంది. 1954లో బడి భోజనానికి చట్టం వచ్చింది. 2005లో ఆహార విద్యకే ప్రత్యేకంగా మౌలిక చట్టం చేశారు, పోషకాహారం నేర్పే ఉపాధ్యాయ పదవిని కూడా ఏర్పాటు చేశారు. ప్రాథమిక బడుల్లో చాలాచోట్ల పిల్లలే వంతులవారీగా తెల్లటి అంగీ, టోపీ వేసుకుని తోటివారికి వడ్డిస్తారు. తరగతి గదిలోనే అందరూ కలిసి తింటారు. టీచరు కూడా అదే తిండి, ఆ పిల్లలతోనే. ఆ చివరి మాట నాకు అన్నిటికన్నా ముఖ్యం. పిల్లలకు ఒకటి వడ్డించి మనం స్టాఫ్ రూములో తలుపు వేసుకుని మరొకటి తింటే, పిల్లలకు తెలియదనుకోకండి. వాసన తలుపు కింద నుంచి కూడా వస్తుంది.

ఇప్పుడు క్యాంటీన్ కిటికీ. ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన కొలత ఇది: రోజు మొత్తం శక్తిలో విడిగా కలిపిన చక్కెరలు, తేనె, పండ్ల రసాల తీపి అన్నీ కలిపి 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు అయితే ఇంకా మంచిది. రోజుకు 1600 కేలరీలు కావలసిన పిల్లవాడికి 10 శాతం అంటే 40 గ్రాములు, 5 శాతం అంటే 20 గ్రాములు. ఇక 330 మిల్లీలీటర్ల తియ్యటి శీతల పానీయం డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. దాదాపు తొమ్మిది చెంచాలు. ఒక్క డబ్బాతో ఆ రోజు పద్దు దాదాపు ముగిసిపోయింది. మిగతా రోజంతా ఇంట్లో, బయట తినే తీపి దాదాపు అంతా అప్పు కిందే లెక్క. ఎవరైనా పిల్లవాడికి తొమ్మిది చెంచాల చక్కెర గ్లాసులో వేసి ఇస్తే మనం పోట్లాడతాం. మూత బిగించి, రంగు కాగితం చుట్టి బడిలోనే అమ్మితే ఊరుకుంటున్నాం.

కిటికీలో ఆ డబ్బాలను పెట్టి, గోడ మీద "శీతల పానీయాలు తాగరాదు" అని రాయడం కన్నా క్రూరమైన పని లేదు. బర్చ్, మరొక పరిశోధకురాలు కలిసి 1999లో చేసిన పనిలో, కళ్ళ ముందు పెట్టి కాసేపు మాత్రమే తిననిచ్చిన చిరుతిండి మీద పిల్లల ధ్యాస మరింత పెరిగింది. అందుకే నేను కోరేది నిషేధపు బోర్డు కాదు, కిటికీలో ఆ వస్తువే లేకపోవడం. ఫ్రాన్స్‌లో 2005 నుంచి బడుల్లో డబ్బులు వేస్తే తినుబండారాలు, పానీయాలు ఇచ్చే యంత్రాలను తీసేశారు. చిలీలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి అష్టభుజి ముద్ర వేస్తున్నారు. ఆ ముద్ర ఉన్న సరుకు బడిలో అమ్మకూడదు. నాకు ఆ పద్ధతి ఎందుకు నచ్చిందంటే, ఏది మంచి ఏది చెడు అని ప్రధానోపాధ్యాయుడు రోజూ వ్యాపారితో వాదించనక్కరలేదు. ముద్ర ఉంటే లోపలికి రాదు, మాట అయిపోయింది.

"క్యాంటీన్ అద్దెతోనే మా గ్రంథాలయానికి పుస్తకాలు కొంటున్నాం" అని ఒకసారి ఒక పెద్దమనిషి నాతో అన్నారు. దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు. ఆ డబ్బు నిజమే, పుస్తకాలూ నిజమే. అయితే నియమాలు సడలిస్తే ఏమవుతుందో ఇంగ్లండ్ అనుభవించింది. అక్కడ 1980లో చట్టం మార్చి, బడి భోజనానికి ఉన్న పోషక ప్రమాణాలను ఎత్తివేశారు. చౌకగా పెట్టేవారికే పని దక్కింది. ప్రమాణాలు తిరిగి రావడానికి 2001 దాకా పట్టింది. అంటే ఒక తరం పిల్లలు బడిలో చేరి, చదువు ముగించి వెళ్ళిపోయారు.

చక్కెర పానీయం తీసేస్తే దాని స్థానంలో ఏమిటి? నీళ్ళు. నవ్వకండి, చాలా బడుల్లో మంచినీళ్ళ కుళాయి ఎక్కడుంటుందో తెలుసా, మరుగుదొడ్ల పక్కన. ఏ పిల్లవాడు తాగుతాడు? జర్మనీలో డార్ట్‌మండ్, ఎసెన్ నగరాల్లోని 32 ప్రాథమిక బడుల్లో ఒక ప్రయోగం చేశారు. కొన్ని బడుల్లో చల్లటి మంచినీళ్ళ యంత్రం పెట్టి, ప్రతి పిల్లవాడికీ ఒక సీసా ఇచ్చి, నీళ్ళ గురించి నాలుగు పాఠాలు చెప్పారు. ఒక విద్యా సంవత్సరం తరువాత చూస్తే, ఆ బడుల్లో పిల్లలు అధిక బరువు బారిన పడే అవకాశం మిగతా బడులతో పోలిస్తే 31 శాతం తక్కువగా ఉంది. పథ్యాలు లేవు, కొలతలు లేవు. నీళ్ళు అందుబాటులోకి వచ్చాయి.

మధ్యలో ఒక మాట. పండు మీద బొమ్మ అంటిస్తే పిల్లలు ఎగబడి తీసుకుంటారు, కూరకు తమాషా పేరు పెడితే లొట్టలు వేస్తారు, ఇలాంటి చిట్కాలు మీరు విని ఉంటారు. నేను కూడా ఒకప్పుడు సభల్లో వీటిని చప్పట్ల కోసం చెప్పాను. వీటికి ఆధారంగా చూపిన ప్రసిద్ధ వ్యాసాల్లో కొన్నింటిని లెక్కలు సరిగా లేవని 2017, 2018 ప్రాంతంలో పత్రికలు ఉపసంహరించుకున్నాయి. బొమ్మ అంటించడం వల్ల నష్టమేమీ లేదు. దానితో పని అయిపోయిందనుకోవడమే నష్టం. చిట్కాలు ఎంత అందంగా ఉంటాయో అంత అనుమానించమని ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి.

ఇక చేయకూడని పని ఒకటి. డబ్బాల తనిఖీ. తల్లి పొద్దున్నే లేచి, ఉన్నదానితో సర్ది పంపిన డబ్బాను తరగతిలో అందరి ముందూ తెరిచి "ఇదేమిటి తెచ్చావు?" అని అడగవద్దు. ఆ డబ్బాలో ఉన్నది పిల్లవాడి ఎంపిక కాదు, ఇంటి పరిస్థితి. పిల్లల బరువు చూసి అందరికీ వినబడేలా చదవవద్దు. లావు, సన్నం అనే మాటలు తరగతి గదిలోకి రానివ్వవద్దు. కొందరికి ఆ ఒక్క మాటే ఏళ్ళ తరబడి తిండి మీద భయమై కూర్చుంటుంది. ఆరోగ్యం పేరుతో సిగ్గు నేర్పే బడి కన్నా ఏమీ నేర్పని బడి మేలు.

ఈ సిగ్గు సమస్యను దేశం మొత్తం మీద తీర్చినవారు ఫిన్లాండ్ వాళ్ళు. 1943లో చట్టం చేసి, ఏర్పాట్లకు అయిదేళ్ళ గడువు ఇచ్చి, 1948 నుంచి బడి పిల్లలందరికీ ఉచితంగా వేడి భోజనం పెడుతున్నారు. పేద పిల్లలకు మాత్రమే కాదు, అందరికీ. యుద్ధంతో చితికిపోయిన దేశం ఈ నిర్ణయం తీసుకుంది. అందరి పళ్ళెంలో ఒకటే ఉంటే ఎవరి డబ్బాలో ఏముందన్న ప్రశ్నే పుట్టదు. ప్రపంచ ఆహార కార్యక్రమం 2024 లెక్క ప్రకారం ఇప్పుడు లోకంలో సుమారు 46 కోట్ల 60 లక్షల మంది పిల్లలు బడిలో భోజనం చేస్తున్నారు. రోజూ ఇంతమంది పిల్లలను చేరే కార్యక్రమం ఇంకోటి చెప్పమంటే నాకు తట్టడం లేదు. బ్రెజిల్ 2009లో ఇంకో అడుగు వేసి, బడి భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల నుంచి కొనడానికే వాడాలని చట్టంలో రాసుకుంది.

నా సమయం అయిపోవచ్చింది. ప్రశ్నలు ఉంటే తీసుకుంటాను.

(సభలో ఒక తల్లి: మా అబ్బాయి బడిలో అన్నీ తింటాడట, ఇంట్లో మాత్రం ముట్టుకోడు. ఎందుకు?)

సంతోషించండి అమ్మా, బడి తన పని చేస్తోంది! ఇంట్లో వాడి పక్కన కూర్చుని తినేవారు ఎవరు? ఎవరి పనుల్లో వాళ్ళు ఉంటారంటారా. అయితే జవాబు మీరే చెప్పారు. ఒక పూట అయినా అందరూ కలిసి కూర్చోండి, ఫోన్లు దూరంగా పెట్టండి, వాడి పళ్ళెం వైపు చూడకండి. మీ పళ్ళెం మీరు తినండి. అయితే ఒక హెచ్చరిక. పిల్లవాడు ఇంట్లోనూ బడిలోనూ చాలా కొద్ది రకాలే తింటూ, బరువు తగ్గుతూ, లేదా కొత్త తిండి చూస్తేనే వాంతి చేసుకుంటూ ఉంటే అది మారాం కాదు. నా ఉపన్యాసం పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.

(ఒక ఉపాధ్యాయుడు: మాకే తినడానికి పది నిమిషాలు దొరకదు. పిల్లలతో కూర్చోమంటే ఎలాగండీ?)

మాస్టారూ, మీరు అడిగింది న్యాయం. జపాన్‌లో భోజన సమయం కూడా బోధనలో భాగమని పాఠ్య ప్రణాళికలోనే రాసి ఉంది. అక్కడ ఆ టీచరు ఖాళీ సమయాన్ని త్యాగం చేయడం లేదు, తన పని చేస్తున్నారు. మన దగ్గర ఉపాధ్యాయుడి విరామాన్ని లాక్కుని దానికి సేవ అని పేరు పెడితే నేను ఒప్పుకోను. భోజనం దగ్గర కూర్చునే పీరియడ్‌ను పీరియడ్‌గానే లెక్కించమని యాజమాన్యాన్ని అడగండి, మీ విరామం మీకు వేరేగా ఇవ్వమనండి. అది వచ్చేదాకా వంతులు వేసుకోండి. రోజుకు ఒక్క టీచరు, ఒక్క బల్ల. పిల్లలకు ఏది వడ్డించారో అదే మీ పళ్ళెంలోనూ. కూరలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే చెప్పండి, వంట చేసినవారికి మర్యాదగా. మొదటి వారం పిల్లలు మీ ముందు బిగుసుకుని కూర్చుంటారు. రెండో వారానికి మీ పళ్ళెంలో మిగిలిన ముక్క ఏదో వేలెత్తి చూపిస్తారు, సిద్ధంగా ఉండండి.